పున్నమి నాడు పడవ వదలరు

రాజమండ్రిలో రెండు రోజులున్నాను కానీ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాను. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేసిన కథ నాకు ముందే కంఠతా వచ్చు, ఎందుకంటే నేను రాస్తున్న నవల ఆ కాలందే. లాడ్జిలో కాఫీ అని నలభై రూపాయలు తీసుకుని వేన్నీళ్లు ఇచ్చారు. మూడో రోజు పాలకొల్లు మీదుగా నరసాపురం బస్సెక్కాను. అక్కడ బస్టాండు నుంచి రేవుకి నడిచిపోయే దూరమే, ఆటో అతను వంద అడిగాడు, ఎండకి భయపడి ఇచ్చాను.

రేవు అంటే మాధవాయిపాలెం. ఇంగ్లీషు వాళ్లు మడపొల్లం అన్నది దీన్నే, ఆ పేరుతో ఒక బట్ట కూడా ఉంది. చించినాడ వంతెన వచ్చి ఇరవై ఏళ్లు దాటినా అవతలి ఒడ్డున సఖినేటిపల్లి వెళ్లేవాళ్లు ఇంకా గోదావరి దాటించే పంటు ఎక్కుతూనే ఉన్నారు. బైకులు, కార్లు, కొబ్బరికాయల ట్రాలీ, మధ్యలో మనుషులు.

నా పక్కన లేసు అల్లికల మూట ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. ఊరికే ఉండలేక నవల సంగతి చెప్పాను. నా పెళ్లికూతురు ఇదే వశిష్ఠ గోదావరి మీద, పున్నమి రాత్రి, తెరచాప పడవలో అత్తారింటికి వెళుతుంది. ఆ వెన్నెలకే ఆరు పేజీలు రాశాను, నాకు చాలా ఇష్టమైన పేజీలు కూడా.

ఆవిడ మొత్తం విని, "పోటా, పాటా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"సముద్రం దగ్గర కదమ్మా, రోజూ నీళ్లు ఎక్కుతాయి, తీస్తాయి. పున్నమికీ అమావాస్యకీ ఆ లాగుడు ఇంకా ఎక్కువ. పాటులో వదిలారంటే నీ పెళ్లికూతురు అత్తారింటికి కాదు, అంతర్వేది పోద్ది. పైగా పాటులో ఒడ్డంతా బురదే, పట్టుచీర మోకాళ్ల దాకా ఎత్తి దిగాలి."

ఆరు పేజీలూ అక్కడే మునిగాయి. గెజిటీర్లు చదివాను, రికార్డుల కోసం చెన్నై దాకా వెళ్లాను. ఈ మాట మాత్రం ఎక్కడా కంటపడలేదు. కంటపడలేదు సరే, చెవిన పడింది కదా! అమ్మ పుట్టిల్లు ఈ ఒడ్డున, మా ఇల్లు ఆ ఒడ్డున. మా మామయ్యలు ఆలస్యంగా వచ్చినప్పుడల్లా "నీళ్లు కలిసి రాలేదు" అనేవాళ్లు, మా నాయనమ్మ మూతి తిప్పేది. ఇప్పుడు హైదరాబాదులో మేం ట్రాఫిక్ అంటామే, అలాంటి సాకే అనుకునేదాన్ని.

సఖినేటిపల్లిలో దిగుతూనే అమ్మకి ఫోన్ చేశాను. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో నాతోనే ఉంటుంది, పన్నెండేళ్లుగా రోజూ నా ఎదురుగానే అన్నం తింటుంది. నీ పెళ్లయ్యాక రేవు ఎలా దాటారని అడిగాను.

"ఏం దాటడం! మేం వచ్చేసరికి పాటు. మూడు గంటలు ఒడ్డునే కూర్చున్నాం. నాకు ఆకలి, కొత్త పెళ్లికూతురిని కదా, అడగడానికి సిగ్గు. మీ నాన్న ఎవరికీ కనపడకుండా వెళ్లి మరమరాలు పొట్లం తెచ్చి నా ఒళ్లో పడేశారు. అప్పటికి మేం ఇంకా ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు."

నాన్న పోయి తొమ్మిదేళ్లు. ఆయన అలాంటి పని చేసే మనిషని నాకు తెలీదు.

"ఉల్లిపాయలు కలిపినవా, ఉత్తవా?" అని అడిగాను.

"ఉత్తవే" అంది అమ్మ. "నీకెందుకే?"