తేనె మీద నింద

చెంచు పిల్లల పళ్లు ఎందుకు పుచ్చిపోతున్నాయని కర్నూలులో ఎవరిని అడిగినా ఠక్కున చెబుతారు: తేనె వల్లనట. అలా చెప్పేవాళ్లలో గూడెం మొహం చూసినవాళ్లు తక్కువ. నేను పళ్ల డాక్టరును. ఆత్మకూరు దాటి బైర్లూటి, నాగలూటి చెంచు గూడేల వైపు శిబిరాలకు వెళ్తుంటాను. (2022లో ఆత్మకూరు నంద్యాల జిల్లాలో కలిసింది గానీ, నా నోటికి ఇంకా కర్నూలు జిల్లా అనే వస్తుంది.) ఈ తేనె మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

తేనె పళ్లకు మంచిదని నేననను, అందులో ఉన్నదీ చక్కెరే. కానీ తీసిన తేనెలో చాలావరకు గిరిజన సహకార సంస్థకు అమ్మేస్తారు. ఇంట్లో మిగిలినదైనా ఏడాదంతా ఉండదు. ఏడాది పొడుగునా పిల్లల చేతుల్లో కనిపించేవి ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్లు, రూపాయి చాక్లెట్లు. ఎంత తీపి తిన్నారన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నదే పంటికి ముఖ్యం. తిన్న ప్రతిసారీ నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లం పెరిగేకొద్దీ నోటి పీహెచ్ తగ్గుతుంది. అది సుమారు 5.5 కంటే దిగితే పంటి గట్టి పైపొర, అంటే ఎనామిల్, కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ దారికి తేవాలంటే వ్యవధి కావాలి. గంటకో బిస్కెట్ నమిలే నోటికి ఆ వ్యవధి ఎక్కడిది?

శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెర్వు మీదుగా శ్రీశైలం నడిచి వెళ్లే భక్తులు దారిలో కనిపించిన ప్రతి పిల్లవాడి చేతిలో ఏదో ఒక తీపి పెట్టి వెళ్తారు. ప్రేమతోనే పెడతారు. ఆ ప్రేమ వేరుశనగలు, అరటిపండ్ల రూపంలో వస్తే నాకు సగం పని తగ్గుతుంది.

గూడెంలో నేను ఎక్కువసేపు మాట్లాడేది ఆరేళ్ల దవడ పన్ను గురించి. పాలపళ్లు ఇరవై. వాటన్నిటి వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఆరో ఏట మొదటి శాశ్వత దవడ పన్ను మొలుస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి తల్లులు దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. "పోనీలే డాక్టరమ్మా, ఊడి కొత్తది వస్తుందిలే" అంటారు. రాదు. ముసలితనం దాకా నమలాల్సిన పన్ను అదే. పైభాగంలో లోతైన గాడులుంటాయి కనుక మొదట పుచ్చేదీ తరచుగా అదే. ఈ విషయం కర్నూలులో కార్లో దిగే తల్లులకూ తెలియదు, అది వేరే సంగతి.

పంట్లో పురుగుందని వాకుడు గింజల పొగ పట్టిస్తారు. పురుగేమీ ఉండదని చెబుతాను, వాదనకు దిగను. వేప పుల్ల, కానుగ పుల్ల మానమని కూడా అనను. దానితో పాటు ఫ్లోరైడ్ పేస్టు వాడమంటాను. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆ పైన బఠాణీ గింజంత. ఇటుక పొడి, బొగ్గు మాత్రం వద్దంటే వద్దు, అవి ఎనామిల్‌ను అరగదీస్తాయి.

ఇక వైద్యం. కర్నూలుకు రెండు మూడుసార్లు రావాలంటే బస్సు ఖర్చు, పోయిన కూలి కలిపి ఆ కుటుంబానికి భారం. అందుకే దవడ వాచేదాకా ఆగుతారు, చివరికి పన్ను పీకడమే మిగులుతుంది. నాకు అక్కరకొచ్చిన మందు 38 శాతం సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్. మత్తు సూది లేదు, డ్రిల్లు లేదు, కరెంటు అక్కర్లేదు. పుచ్చిన చోట చుక్క పూస్తే చాలావరకు పుచ్చు అక్కడితో ఆగుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పూసిన చోట నల్లబడుతుంది, ఆ సంగతి ముందే చెప్పాలి. ముందు పళ్లకు వద్దన్న తల్లులున్నారు, వద్దనడం వాళ్ల హక్కు. ఒక అవ్వ మాత్రం "రాత్రి ఏడవకుండా పడుకుంటే నలుపైనా సరేనమ్మా" అని మనవడి నోరు తానే తెరిచి పట్టుకుంది.

ఆరు నెలలకోసారి మళ్లీ పూయాలి, కష్టమంతా ఆ రెండో పూతతోనే. నేను వెళ్లేసరికి కొందరు పిల్లలు ఆశ్రమ పాఠశాలలో ఉంటారు, కొందరు బంక సేకరణకు పెద్దవాళ్లతో అడవికి పోయి ఉంటారు. ఈసారి పేర్ల జాబితా ఆశా కార్యకర్తకు ఇచ్చి వచ్చాను. పిల్లలంతా గూడెంలో ఉన్నారని ఆమె ఫోను చేసిన రోజునే బయలుదేరతాను.