తెలుగు అనువాదకుల కోసం మా పోర్టల్: మొదలైన చోటి నుంచి తెరిచిన రోజు దాకా

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లను తెలుగులోకి తేవడానికి సెలవు రోజుల్లో కూర్చునే మా చిన్న బృందం కోసం కడుతున్న పోర్టల్‌ను ఈ ఆదివారం సభ్యులందరికీ తెరిచాము. ఆరు వారాల పాటు రాత్రి పూటా ఆదివారాలూ చేసిన ఈ పనిలో ఏది కుదిరిందో, ఏది చెడిందో, దాన్ని ఎలా సరిచేశామో ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇదే పనికి పూనుకునే మరో తెలుగు బృందానికి కొన్ని రాత్రులైనా మిగలాలన్నదే నా కోరిక.

ఇప్పటి వరకు మా పని అంతా పీఓ ఫైళ్ల మీద నడిచింది. గ్నూ గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ఒక వరుసలో మూలం ఇంగ్లీషు వాక్యం, దాని కింది వరుసలో మనం రాయవలసిన తెలుగు వాక్యం ఉండే మామూలు పాఠ్య ఫైళ్లు అవి. వాటిని మెయిల్‌లో పంపుకునేవాళ్లం. ఇద్దరు ఒకే ఫైలును ఒకే వారంలో అనువదించడం, ఎవరి మాట నిలిచిందో ఎవరికీ తెలియకపోవడం, చివరికి గిట్‌లో (ఎవరు ఏ మార్పు చేశారో చరిత్రగా దాచే సాధనం) చేర్చిన ఒక్కరి పేరే చరిత్రలో మిగలడం మాకు అలవాటుగా మారిపోయింది. ఈ మూడోదే నన్ను ఎక్కువగా బాధించింది, ఎందుకంటే డబ్బు తీసుకోకుండా పనిచేసే మనిషికి దక్కేది ఆ పేరు ఒక్కటే.

మా బృందంలో పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయురాలు ఒకరున్నారు. మాట ఎంపికలో ఆమెను మించినవారు మాలో లేరు. గిట్ ఆదేశాలు నేర్పడానికి నేను రెండు సార్లు కూర్చున్నాను. మూడోసారి ఆమె, «నాయనా, ఈ నల్ల తెర నాకొద్దు గానీ ఆ వాక్యాలేవో పంపించు, పుస్తకంలో రాసి ఫొటో తీసి పెడతాను» అన్నారు. అన్నట్టే గీతల నోటు పుస్తకంలో, ఎడమ పక్క వరుస సంఖ్య, కుడి పక్క తెలుగు వాక్యం, కొట్టివేతలతో సహా ముత్యాల్లాంటి దస్తూరీలో పేజీల కొద్దీ పంపారు. ఆ పేజీలను నేను టైపు చేస్తున్న రాత్రే పోర్టల్ కట్టాలని నిశ్చయించుకున్నాను. ఆమె ఒక వాక్యాన్ని చూసి, కింద గడిలో తెలుగు రాసి, ఒక బొత్తాం నొక్కితే మిగతా గిట్ పని అంతా దానంతట అదే జరగాలి. పోర్టల్‌కు నేను పెట్టుకున్న కొలమానం ఇదే.

ఇందుకోసం బ్రౌజర్‌లోనే అనువాదం రాయనిచ్చే వెబ్లేట్‌ను ఎంచుకున్నాను. చెక్ దేశానికి చెందిన మిహల్ చిహర్ష్ 2012లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ పైథాన్‌లో, జాంగో చట్రం మీద రాసినది. జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు మూడో కూర్పు కింద దొరుకుతుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు వారే ఉచితంగా తమ సర్వర్‌లో చోటు ఇస్తారు, కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ముందు ఆ దారే చెబుతాను. మేము వేర్వేరు ప్రాజెక్టుల ఫైళ్లను ఒకే పదకోశం కింద నడపాలనుకున్నాము కనుక సొంత సర్వర్ పెట్టుకున్నాము.

మొదటి పొరపాటు అక్కడే జరిగింది. కనీసం 3 జీబీ మెమరీ కావాలని వెబ్లేట్ పత్రాల్లో స్పష్టంగా ఉన్నా, ఖర్చు తగ్గుతుందని 1 జీబీ సర్వర్ అద్దెకు తీసుకున్నాను. డాకర్‌లో (సాఫ్ట్‌వేర్లను వేర్వేరు పెట్టెల్లో నడిపే సాధనం) వెబ్లేట్, దాని డేటాబేసు పోస్ట్‌గ్రెస్, తాత్కాలిక సమాచారం దాచే రెడిస్ మూడూ లేచాయి, లాగిన్ పేజీ కూడా వచ్చింది. తీరా మొదటి పీఓ ఫైలు చేర్చగానే వెనక పనులు చేసే సెలరీ ప్రక్రియలను సర్వర్ నిర్వహణ వ్యవస్థకు గుండెకాయ అయిన లినక్స్ కెర్నలే మెమరీ చాలక ఆపేసింది. పైకి మాత్రం ఫైలు «చేరుతోంది» అనే సందేశం గంటసేపు కదలకుండా నిలిచింది. కెర్నల్ లాగ్ చూశాకే కారణం తెలిసింది. 4 జీబీ సర్వర్‌కు మారి, పైన 2 జీబీ స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) పెట్టిన తర్వాత మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

సైటు భద్రంగా తెరుచుకోవడానికి కావలసిన ధ్రువపత్రం లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి తీసుకున్నాము. దాని గడువు 90 రోజులే కనుక సర్ట్‌బాట్ అనే సాధనం దానంతట అదే పునరుద్ధరించేలా పెట్టాలి. భద్రత కోసమని నేను ఫైర్‌వాల్‌లో 80వ పోర్టును (సర్వర్‌లోకి వచ్చే ద్వారాల్లో ఒకటి) మూసేశాను, కానీ డొమైన్ మాదేనని రుజువు చేయడానికి మేము వాడిన తనిఖీ పద్ధతి ఆ పోర్టు మీదే నడుస్తుంది. నమూనా పునరుద్ధరణ ముందే చేసి చూడటం వల్ల అది బయటపడింది.

మెయిల్ విషయంలో ఇంకొంచెం ఓపిక కావలసి వచ్చింది. మా సర్వర్‌లో 25వ పోర్టు నుంచి మెయిల్ బయటికి వెళ్లదు. 587వ పోర్టు మీద మధ్యవర్తి మెయిల్ సేవను పెట్టుకుని, డొమైన్‌కు మెయిల్ నిజంగా మా దగ్గర నుంచే వచ్చిందని చూపే ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ నమోదులు మూడూ చేర్చిన తర్వాతే సభ్యత్వ మెయిళ్లు స్పామ్‌లో కాకుండా ఇన్‌బాక్సులో పడ్డాయి.

ఇక తెలుగుకే ప్రత్యేకమైన చిక్కులకు వస్తాను, సగానికి పైగా సమయం వీటికే పట్టింది. పాత ఫైళ్లన్నీ చేర్చాక «ఫైలు» అని వెతికితే, కళ్లెదుట కనిపిస్తున్న కొన్ని వాక్యాలు ఫలితాల్లో రాలేదు. దొరికిన «ఫైలు»నూ దొరకని «ఫైలు»నూ పక్కపక్కన పెట్టి పైథాన్‌లో పొడవు అడిగితే ఒకదానికి 4, ఇంకోదానికి 5 అని వచ్చింది. అక్షరాలకు సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో ఐత్వానికి సొంత సంకేతం ఒకటి ఉంది. అదే ఐత్వాన్ని ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అనే రెండు ముక్కలుగా కూడా రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు మాటలు. ఫైళ్లన్నిటినీ, ఇలాంటి ముక్కలను ఒకే సంకేతంగా కలిపే ఎన్ఎఫ్‌సీ రూపానికి మార్చే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాయగానే వెతుకులాట సరిపోయింది. ఇప్పుడు ఏ పాత ఫైలైనా ఆ స్క్రిప్ట్ గుండా వెళ్లాకే పోర్టల్‌లో చేరుతుంది. పాత తెలుగు పాఠ్యం చేతిలో ఉన్నవారెవరైనా ఈ పని మొదటే చేయాలని గట్టిగా చెబుతున్నాను.

రెండోది, «సాఫ్ట్‌వేర్» వంటి మాటల్లో ట్ పొల్లు తర్వాత కనిపించకుండా కూర్చునే విడదీత అక్షరం. అది లేకపోతే «సాఫ్ట్వేర్» అని వకారం వత్తుగా దిగిపోతుంది. పోర్టల్‌లో రాసే గడి పక్కనే ఆ అక్షరాన్ని చేర్చే బొత్తాం పెట్టాను. ఫాంటుగా నోటో సాన్స్ తెలుగును వాడుతున్నాము. ఫాంటు ఫైలు పరిమాణం తగ్గించడానికి దాన్ని తెలుగు అక్షరాల వరకే కత్తిరించేటప్పుడు ఈ విడదీత అక్షరాన్నీ, దానికి జోడీగా ఉండే, కనిపించని కలిపే అక్షరాన్నీ కూడా జాబితాలో ఉంచాలి. వరుసల మధ్య దూరాన్ని అక్షర పరిమాణానికి 1.8 రెట్లకు పెంచాను. ఇంగ్లీషుకు సరిపోయే దూరంలో «స్త్ర» కింది వత్తులు తర్వాతి వరుస గుడి దీర్ఘాలకు తగులుతున్నాయి.

వాక్యంలో పదాల క్రమం ఇంకో సంగతి. «పది ఫైళ్లలో మూడు» అనే చోట ఇంగ్లీషు మూడును ముందు చెబుతుంది, తెలుగు పదిని ముందు చెబుతుంది. అంకెలు వచ్చి కూర్చునే గుర్తులకు వరుస సంఖ్య ఇస్తేనే వాటిని ముందువెనకలు చేయగలము. లేకపోతే మూడు ఫైళ్లలో పది అయ్యాయని తెర మీద వస్తుంది. దీన్ని అనువాదకుల సూచనల్లో ఉదాహరణతో సహా మొదటి అంశంగా పెట్టాను.

పదకోశం మీద రెండు ఆదివారాలు చర్చ జరిగింది. పాత ఫైళ్లలో డౌన్‌లోడ్‌కూ ఇంపోర్ట్‌కూ రెండింటికీ «దిగుమతి» అనే ఉంది. ఒకే మెనూలో రెండు దిగుమతులు పక్కపక్కన కనిపించే అప్లికేషన్ కూడా మా చేతిలో ఉంది. «కాకినాడ రేవులో పరాయి దేశపు సరుకు దిగుతుంది, అది దిగుమతి. పరాయి అప్లికేషన్ ఫైలు మన అప్లికేషన్‌లోకి వస్తే దాన్ని అలా అనండి. పైనుంచి మన కంప్యూటర్‌లోకి దించుకునేది దించుకోలే కదా» అని మా ఉపాధ్యాయురాలు చెప్పాక అందరూ ఒప్పుకున్నారు. ఇంపోర్ట్ దిగుమతిగా, ఎక్స్‌పోర్ట్ ఎగుమతిగా, డౌన్‌లోడ్ దించుకోలుగా నమోదయ్యాయి. బొత్తాల మీద «భద్రపరచు», «రద్దుచేయి» అని ఉండాలనీ, వాడుకరికి చెప్పే సందేశాల్లో «ఎంచుకోండి», «వేచివుండండి» అని ఉండాలనీ కూడా నిర్ణయించాము. బొత్తాం నొక్కేటప్పుడు మనిషి యంత్రానికి చెబుతాడు, సందేశంలో యంత్రం మనిషికి చెబుతుంది కనుక ఈ తేడా నాకు న్యాయంగా తోచింది.

డేటాబేసును రోజూ రాత్రి బోర్గ్ అనే నకలు సాధనంతో వేరే చోటికి నకలు తీస్తున్నాము. ఒకసారి ఆ నకలు నుంచి నా ల్యాప్‌టాప్‌లో మొత్తం పోర్టల్‌ను తిరిగి లేపి చూశాను కూడా.

ఆదివారం తెరిచిన గంటకు గిట్ చరిత్ర చూస్తే, మొదటి నమోదు మా ఉపాధ్యాయురాలి పేరు మీద ఉంది. మార్చిన వాక్యం ఒకటే, «దించుకోలు పూర్తయింది». ఆమె నోటు పుస్తకంలో ఇంకా పదకొండు పేజీలు టైపు కావలసి ఉన్నాయి. వాటిని తానే ఎక్కిస్తానని, నన్ను ముట్టుకోవద్దని చెప్పారు. వచ్చే వారం నేను పాత మెయిళ్లలో మిగిలిన ఫైళ్లను ఎన్ఎఫ్‌సీ స్క్రిప్ట్ గుండా పంపి చేర్చే పని చూస్తాను.