చంద్రగిరి మామిడితోటలో తెలుగు-బెంగాలీ పెళ్ళి: పనుల చిట్టా

పెళ్ళికూతురు తెలుగింటి పిల్ల, పెళ్ళికొడుకు బెంగాలీ. చోటు చంద్రగిరి పక్కన మామిడితోట. వచ్చేవాళ్ళు 120 మంది. ఇలాంటి పెళ్ళిళ్ళలో మామూలుగా పొద్దున ఒక పద్ధతి, సాయంత్రం ఇంకో పద్ధతి పెడతారు. అప్పుడు రెండు పెళ్ళిళ్ళు అవుతాయి, రెండూ హడావుడిగానే అవుతాయి. అందుకే ఇక్కడ వేరే దారి పట్టాం. రెండువైపులా ఒకే అర్థమున్న ఘట్టాలేవో వెతికి, అక్కడ ముడి వేస్తున్నాం.

మొదటి ముడి చూపు దగ్గరే దొరికింది. మనకు జీలకర్ర బెల్లం పెట్టాక అడ్డుతెర తీస్తారు, వధూవరులు ఒకరినొకరు చూసుకునేది అప్పుడే. బెంగాలీలకు పెళ్ళికూతురు తమలపాకులతో ముఖం దాచుకుని వస్తుంది, వరుడి చుట్టూ ఏడుసార్లు తిప్పాక ఆకులు దించుతుంది. దాన్ని శుభదృష్టి అంటారు. ఈ రెంటినీ విడివిడిగా జరిపితే రెండో చూపుకు అర్థం ఉండదు. కాబట్టి చూపు ఒక్కటే. పందిరి కొలతలు, గంటలు, బట్టలు అన్నీ ఆ ఒక్క క్షణాన్ని బట్టి తేలినవే.

16 వారాల ముందు: నెల, ఘడియ

మనం నెలలు చాంద్రమానంలో లెక్కపెడతాం, బెంగాలీలు సౌరమానంలో. పేర్లు ఒకటే కాబట్టి ఇక్కడే పొరపడతారు. ఆషాఢంలో మనం పెళ్ళి మాటే ఎత్తం, వాళ్ళకు ఆషాఢ్, శ్రావణ్ మంచి నెలలే. మనకు కార్తీకం మంచిదే, వాళ్ళ కార్తిక్ మాత్రం కుదరదు, పౌష్, చైత్ర్ కూడా కుదరవు. ఇద్దరికీ కలిసే కాలాల్లో రెండు చూశాం. వైశాఖ, జ్యేష్ఠాలు ఒకటి. కానీ చిత్తూరు సీమలో ఆ ఎండకు తోటలో కూర్చోలేరు, పైగా చెట్ల నిండా కాయ ఉంటుంది. రెండోది జనవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకా. మూఢం లేకపోతే అదే మేలు.

అందులోనూ తిరుపతి రద్దీ చూసుకోవాలి. మాఘ శుద్ధ సప్తమికి రథసప్తమి, తిరుమలలో ఇసుక వేస్తే రాలదు. శ్రీనివాసమంగాపురం కల్యాణ వేంకటేశ్వరస్వామి బ్రహ్మోత్సవాలు కూడా మామూలుగా ఫిబ్రవరిలోనే వస్తాయి. ఇక శివరాత్రికి అటు కపిలతీర్థం, ఇటు శ్రీకాళహస్తి. కోల్‌కతా నుంచి వచ్చేవాళ్ళు రేణిగుంటలో దిగి గదులు వెతుక్కునే పరిస్థితి రాకూడదంటే, ఈ పండుగల తేదీలు ముందు కాగితం మీద రాసుకుని, మిగిలిన ఖాళీలో ముహూర్తం అడగాలి. పురోహితుణ్ణి మొదట అడిగి ఆ తర్వాత గదులు చూసుకుంటే పని తలకిందులవుతుంది.

ఘడియ: గోధూళి. బెంగాలీలు ఎక్కువగా సాయంత్రం, రాత్రి లగ్నాలకే పెళ్ళి చేస్తారు. మన దగ్గర తెల్లవారుజాము ముహూర్తాలు ఎక్కువైనా గోధూళి లగ్నం మనకూ ఉన్నదే. ఒక జాగ్రత్త ఉంది. కోల్‌కతా పంజికలో (బెంగాలీ పంచాంగంలో) అచ్చయిన గంటలు ఇక్కడ పనికిరావు. ఫిబ్రవరి మధ్యలో అక్కడ సుమారు 5:33కి పొద్దు గుంకుతుంది, తిరుపతిలో సుమారు 6:17కి. ముక్కాలు గంట తేడా. ఇద్దరు పురోహితులూ తిరుపతి రేఖాంశానికే గణితం కట్టాలని మొదటి రోజే ఒప్పించాం. స్థితి: అయింది.

13 వారాల ముందు: అడ్డుతెర

ఎక్కువ రోజులు పట్టే పని ఇదే. శ్రీకాళహస్తి కలంకారీ తెర, అంచుల్లో బెంగాలీ ఆల్పొనా (బియ్యప్పిండి ముగ్గు) లతలు, నడుమ స్వస్తిక్. కలంకారీ పనిని తొందరపెట్టకూడదు. గాడాబట్ట (చలువ చేయని నూలుబట్ట) గంజి పోయేదాకా ఉతకాలి. కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి, పిండి, ఆరబెట్టాలి. నల్ల గీతలకు తుప్పు ఇనుము, బెల్లం, నీళ్ళు కలిపి రెండు మూడు వారాలు పులియబెట్టిన రసం వాడతారు. అది కరక్కాయ వగరును తాకగానే నల్లబడుతుంది. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి, తర్వాత చెట్టు వేళ్ళతో చేసిన రంగులో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఉడికించిన ప్రతిసారీ పారే నీళ్ళలో జాడించాలి. జాడింపు తగ్గితే పాల వాసన నిలిచిపోతుంది. ఇది చెయ్యి తిరిగిన కళాకారుల పని, ఇంట్లో ప్రయత్నించవద్దు. వాళ్ళకు నమూనా గీసి ఇచ్చి, ఆరు వారాలు అడగండి.

కొలతలో ఒక చిక్కు వచ్చింది. బట్ట పన్నా 44 అంగుళాలు. పీట మీద కూర్చున్న వరుడి తల నేల నుంచి దాదాపు 36 అంగుళాలు వస్తుంది. తల మీద టోపోర్, అంటే బెంగాలీ వరుడి మొనదేలిన కిరీటం, ఇంకో అడుగు. అంటే తెర పైన 4 అంగుళాల టోపోర్ కనపడుతుంది. పైన 6 అంగుళాల ఎర్ర అంచు కుట్టించాం.

రెండో చిక్కు సాయంత్రం ఆరింటికి తెర పట్టి చూస్తే గానీ తెలియలేదు. వరుడు తూర్పుముఖంగా కూర్చుంటాడు, పడమటి పొద్దు అతని వీపు వెనక ఉంటుంది. పలుచటి నూలు బట్ట మీద భుజాలు, చెవులు, టోపోర్ మొన అన్నీ నీడగా పడ్డాయి. పెళ్ళికూతురికి తెర తీయకముందే మనిషి ఆకారం అందుతుంది. లోపల గోధుమరంగు మందపాటి నూలు అస్తరు వేయిస్తే నీడ ఆగింది. తెల్ల అస్తరు వేస్తే ఆగలేదు. తెల్లవారి ముహూర్తమైతే ఎండ రెండో వైపు నుంచి వస్తుంది, అప్పుడూ అస్తరు కావాలి. స్థితి: తెర వచ్చింది, అస్తరు కుట్టడం అయింది.

10 వారాల ముందు: గంప, పందిరి

పెళ్ళికూతుర్ని మేనమామలు గంపలో మోసుకురావడం మన వాడుక. బెంగాలీలు పీట మీద కూర్చోబెట్టి అన్నదమ్ములతో మోయిస్తారు, వరుడి చుట్టూ ఏడుసార్లు తిప్పుతారు. గంప మనది, ఏడు చుట్లు వాళ్ళవి. మోసేవాళ్ళలో ఇద్దరు మేనమామలు, ఇద్దరు అన్నదమ్ములు.

గంప మేదరవాళ్ళతో అల్లించింది: 3 అడుగుల వెడల్పు, అడుగు లోతు, అడుగున 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక. 25 కిలోల బియ్యం మూటలు మూడు పెట్టి మోసి చూశాం. లోపలివైపు ఇద్దరు, బయటివైపు ఇద్దరు పట్టుకుంటే మూడో చుట్టుకే గంప ఒరిగింది. లెక్క వేస్తే కారణం తెలిసింది. వరుడి పక్కగా నడిచేవాడికి ఒక చుట్టు 11 అడుగులు, బయట నడిచేవాడికి 39 అడుగులు. ఒకడు నిలబడ్డట్టే నడవాలి, ఇంకొకడు పరిగెత్తాలి. అందుకని గంప కింద రెండు వెదురు బొంగులు, ఒక్కొక్కటి 7 అడుగులు, నడుమ 2 అడుగుల ఎడంతో కొబ్బరితాడు వేసి కట్టాం. ఇప్పుడు ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. తేడా బాగా తగ్గింది, గంప సమంగా తిరిగింది. ఏడు చుట్లకు మూడు నిమిషాల పైచిలుకు పట్టింది.

దీనికి 14 అడుగుల వలయం ఖాళీగా ఉండాలి. బాడుగకు దొరికే 10, 12 అడుగుల మండపాలు చాలవు. అందుకే సర్వి (సరుగుడు) బాదులతో 16 అడుగుల చదరం పందిరి, పైన కొబ్బరి కీతులు. 12 అడుగుల బాదు 2 అడుగులు నేలలో దిగాలి. ఇక్కడి ఎర్ర ఇసుకనేల ఒట్టి మట్టితో పూడిస్తే రెండు రోజుల్లో వదులవుతుంది. గుంతలో గులకరాళ్ళు వేసి, నీళ్ళు పోసి దిమ్మిస చెయ్యాలి. నాలుగు మూలలా అరటిచెట్లు ఇద్దరికీ కావలసినవే. వాటిని ఆ పొద్దునే కొట్టి, మొదలుకు తడి గోనె చుట్టండి. ముందురోజు కొడితే సాయంత్రానికి ఆకు వాలిపోతుంది.

పందిరి చెట్ల కింద వద్దు. మాఘమాసం మామిడి పూత కాలం. పూత మీద తేనెమంచు పురుగు ఉంటే సన్నటి జిగట తుంపర కిందికి రాలుతూనే ఉంటుంది. పట్టుచీర మీద పడితే మచ్చ, విస్తరిలో పడితే ఇంకేమీ చెప్పనక్కర్లేదు. కొమ్మల అంచు నుంచి కనీసం 10 అడుగులు ఎడం ఉన్న ఖాళీలో పందిరి వేయండి, భోజనాల మీద పైకప్పు గుడ్డ తప్పనిసరి. పూతకు మందు ఎప్పుడు కొడతారో తోట రైతును అడిగి, ఆ వారం మనది కాకుండా చూసుకోవాలి. స్థితి: గంప అయింది, బాదులు వచ్చాయి, గుంతలు తవ్వాలి.

7 వారాల ముందు: తల మీద ఏముండాలి, ఎప్పుడు

టోపోర్ జీలుగుబెండుతో చేస్తారు. తూలికలా తేలిక, తేమ తగిలితే మెత్తబడుతుంది, నొక్కితే మళ్ళీ లేవదు. గుండ్రటి అట్టపెట్టెలో కాగితం ఉండలు కూరి, చేత్తో పట్టుకుని తేవాలి. సామాను కింద వేయకూడదు.

బాసికం, టోపోర్ రెండూ నుదుటికే పోటీ పడతాయి. బాసికం ముందుగా, కనుబొమలకు రెండు వేళ్ళ పైన కట్టాలి. టోపోర్ అంచు దాని వెనక కూర్చుంటుంది. జీలకర్ర బెల్లానికి నడినెత్తి కావాలి కాబట్టి అప్పటికి టోపోర్ దిగాలి. తలంబ్రాలు అయ్యేదాకా అది తిరిగి ఎక్కకూడదు, తెల్ల బెండుకు పసుపు అంటితే పోదు. దింపిన టోపోర్ పట్టుకోవడానికి ఒక తోడల్లుణ్ణో, పిల్లవాణ్ణో నిలబెట్టండి. లేదంటే ఎవరో ఒకరు దాని మీద కూర్చుంటారు.

జీలకర్ర, బెల్లం 50 గ్రాముల చొప్పున చాలు. మెత్తటి బెల్లం తీసుకోవాలి, నీళ్ళు చుక్క కూడా వద్దు. పలుచనైతే నుదుటి మీదికి జారుతుంది, పెళ్ళికూతురి ముకుట్ (బెంగాలీ వధువు కిరీటం) కూడా బెండుదే. మధ్యాహ్నం మూడింటి తర్వాత నూరి, ఉండ చేసి ఉంచాలి.

సిందూర్ సప్తపది తర్వాత. పాపిటబిళ్ళను పక్కకు తప్పించేలా కొక్కెంతో పెట్టించాలి, తలంబ్రాల బియ్యం ముందే దులపాలి. సిందూరం పెట్టేటప్పుడు బెంగాలీలు వధువు తల మీద కొత్త చీర కప్పుతారు. దానికి మధుపర్కాల్లో రెండోది వాడుతున్నాం. ఎర్రంచు తెల్ల నూలుబట్ట మనకు మధుపర్కం. బెంగాలీ ముత్తయిదువల చీరా ఎర్రంచు తెల్లదే. పక్కపక్కన పరిచినప్పుడు ఏది ఎవరిదో రెండు కుటుంబాల పెద్దవాళ్ళూ చెప్పలేకపోయారు. ఈ పనిలో మనసు నిండిన గంట అది.

5 వారాల ముందు: పురోహితులు, కాగితాలు

ఇద్దరు పురోహితుల్నీ మూడు గంటలు ఒకచోట కూర్చోబెట్టడం తప్పదు. కన్యాదానం, లాజహోమం, సప్తపది ఇద్దరికీ ఉన్నాయి. వధువు అన్నదమ్ములు పేలాలు పొయ్యడం కూడా ఇద్దరిదీ. హోమం ఒకరే నడపాలి, ఇద్దరూ మంత్రం అందుకుంటే ఆహుతి ఎవరి స్వాహాకు వెయ్యాలో తెలియదు. వరి పేలాలు అరకిలో, కొత్త చేట ఒకటి. హోమగుండం చుట్టూ పదడుగుల దాకా ఎండుటాకు ఊడ్చి ఇసుక పొయ్యండి.

1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఎవరి ఆచారం ప్రకారం జరిగినా పెళ్ళి చెల్లుతుంది. సప్తపది ఉన్న ఆచారంలో ఏడో అడుగుతో పూర్తవుతుంది. ఏడో అడుగు ఫొటో తప్పక తీయించండి. ఇద్దరిలో ఒకరు ఆ చట్టం కిందికి రాని మతంవారైతే దారి వేరు: 1954 ప్రత్యేక వివాహ చట్టం, 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు. నోటీసు ఇచ్చే జిల్లాలో ఇద్దరిలో ఒకరైనా అప్పటికి 30 రోజులు ఉండి ఉండాలి. ఊరుగాని ఊర్లో పెళ్ళి పెట్టుకునేవాళ్ళు మరిచిపోయేది ఇదే.

3 వారాల ముందు: పసుపు, ముగ్గు, నక్షత్రం

పచ్చి పసుపు ఈ కాలంలో తాజాగా దొరుకుతుంది. బెంగాలీల పసుపు వేడుక గాయే హలుద్‌కు అదే కావాలి, ఆవనూనెతో కలుపుతారు. ఆవనూనె కొందరి ఒంటికి మంట పుట్టిస్తుంది. ముందు మోచేతి లోపల రాసి ఒక రోజు చూడాలి. పడకపోతే చెంపకు చుక్క ఆవనూనె, ఒంటికి మన నువ్వులనూనె.

ఆల్పొనాకు కిలో పచ్చిబియ్యం ఐదు గంటలు నానబెట్టి, వెన్నలా రుబ్బి, పాలంత పలుచన చెయ్యాలి. గుడ్డపీలిక తడిపి గుప్పిట్లో పట్టుకుంటే ఉంగరపు వేలి వెంట ధార దిగుతుంది. గీసేటప్పుడు కనపడదు, ఆరాక తెల్లబడుతుంది. అది తెలియక రెండోసారి గీసి మందం చేస్తే పెచ్చులూడుతుంది. పేడతో అలికిన నేల మీద బాగా పట్టింది, ఒట్టి ఎర్రమట్టి మీద పీల్చేసుకుంది. మంచు పడే వేళకు ముందే, నాలుగింటికల్లా ఆరిపోవాలి.

అరుంధతి విషయంలో గోధూళి లగ్నం ఒక వరం. పగటి పెళ్ళిలో వేలు చూపించి ఊరుకుంటాం. ఇక్కడ నిజంగా చూడొచ్చు. ఫిబ్రవరి మధ్యలో సప్తర్షుల్లో వసిష్ఠుడు, అరుంధతి రాత్రి 8:40 ప్రాంతంలో ఈశాన్యాన ఉదయిస్తారు. ఉత్తరాన శేషాచలం కొండలు అడ్డం కాబట్టి పదిన్నరకు గానీ బాగా కనపడరు. ధ్రువుడు ఇక్కడ సుమారు 14 డిగ్రీల ఎత్తు మాత్రమే, చాచిన చేతి పిడికిలి కంటే కాస్త ఎక్కువ. కొండకు మరీ దగ్గరి తోటైతే దొరకడు. లౌడ్‌స్పీకర్లు పదింటికి ఆపాలి కాబట్టి అప్పటికి తోట ఎలాగూ నిశ్శబ్దంగా ఉంటుంది. దీపాలు కూడా ఐదు నిమిషాలు ఆర్పమని చెప్పి ఉంచాం.

ఈ వారం మిగిలినవి

చేపల భోజనం పెళ్ళి మర్నాడు, కొత్త కోడలు అన్నం వడ్డించే బౌభాత్‌కు, వేరే వంటశాలలో. పెళ్ళినాటి వంటకు ఆ పాత్రలు కలవకూడదు. వధూవరులు పొద్దంతా ఉపవాసం కాబట్టి నాలుగింటికి కొబ్బరినీళ్ళు ఇవ్వడానికి ఇద్దరు పురోహితులూ ఒప్పుకున్నారు.

ఆఖరి అభ్యాసం శుక్రవారం సాయంత్రం. 6:05కి గంప లేస్తుంది. ఏడో చుట్టు అవగానే పడమటిముఖంగా దింపాలి. తెర పైకి లేచాకే పెళ్ళికూతురు ఆకులు దించాలి, ఈ వరుసలో తడబడితే అంతా పోయినట్టే. మన వరుసకు కాస్త మార్పుగా, చూపు అయ్యాకే, ముఖం దాచిన ఆ తమలపాకుల్లోంచి రెండు ఏరి జీలకర్ర బెల్లం పెడతారు. పురోహితుడు చెయ్యి ఎత్తగానే గట్టిమేళం, శంఖం, ఉలుధ్వని (బెంగాలీ ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని) మూడూ ఒక్కసారి మోగాలి. పోయినసారి డోలు మోతలో శంఖం వినపడలేదు. ఈసారి శంఖం ఊదేవాళ్ళను మేళానికి ఎదురుగా, తెర పట్టే ఇద్దరి వెనక నిలబెడుతున్నాం.