తుంగభద్రకు అవతలి రూపాయి

పదో తరగతి పరీక్షలకని మా అమ్మాయికి సోషల్ చదివిస్తున్నాను. ఇటలీ ఏకీకరణ. ఏడు ముక్కల దేశం 1861లో ఒక రాజ్యమైంది, రోము 1870లో గానీ కలవలేదు, ఉత్తరానికీ దక్షిణానికీ ఎచ్చుతగ్గులు ఇప్పటికీ ఉన్నాయి. అది ఆవలిస్తూ, "మనకా గొడవ లేదు కదా నాన్నా?" అంది.

రెండ్రోజుల కిందటే క్లాసులో రాయచూరు అమ్మాయి వాళ్ల అన్నకు 371జె సర్టిఫికెట్ (కర్ణాటకలో వెనకబడిన కొన్ని జిల్లాలవాళ్లకిచ్చే కోటా కాగితం) మీద సీటొచ్చిందని చెప్పింది ఇదే. ఆ గొడవ ఎక్కడిదనుకుంది మరి?

దేవుడి సొరుగులోంచి చార్మినార్ బొమ్మున్న వెండి రూపాయి తీసిచ్చాను. మా తాత ఆదోని నుంచి పత్తి పని మీద రాయచూరు పోతే ఈ హాలీ సిక్కాలే, అంటే నిజాం రూపాయలే చెల్లేవి. తుంగభద్ర దాటితే నిజాం రాజ్యం, ఇవతల మద్రాసు. మన రూపాయికి దాని విలువ కొంచెం తక్కువ. 1948 సెప్టెంబరులో సైన్యం వెళ్లి హైదరాబాదును కలిపాక కూడా కొన్నేళ్లు అవి చెల్లాయట. 1956లో ఆ రాష్ట్రాన్ని మూడుగా పంచితే రాయచూరు, గుల్బర్గా, బీదరు మైసూరుకు, అంటే ఇప్పటి కర్ణాటకకు వచ్చాయి. వెనకబాటు కూడా వెంటే వచ్చింది. అందుకే 2012లో రాజ్యాంగ సవరణతో ఈ 371జె, ఆ జిల్లాలవాళ్లకు చదువుల్లో, ఉద్యోగాల్లో కోటా.

"బళ్లారికీ ఉందంట కదా, అదీ నిజాందేనా?"

కాదు! అదే నాకూ కొరుకుడుపడదు. 1800లో నిజాం దత్తమండలాలను కుంఫిణీకి రాసిచ్చినప్పుడే బళ్లారి, ఆదోని రెండూ అటు పోయాయి. అప్పట్లో మాదీ బళ్లారి జిల్లానే. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకొచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. గీత ఇంకాస్త ఇటు గీసుంటే ఈ బెంగళూరులో నేనూ ఆ సర్టిఫికెట్ కోసం లైన్లో నిలబడేవాణ్ణి.

అది నాణేన్ని తిప్పి తిప్పి చూసి వంటింటివైపు కేకేసింది. "అమ్మా, పాలమూరు కూడా నిజాందేనా?"

"మరి? మా నాయనమ్మ కాడ గసొంటియి డబ్బా నిండ ఉండె."

"అంటే నువ్వూ ఆ రాయచూరు వాళ్లూ ఒకే దేశం. నాన్నే ఫారిన్!"

లోపలి నుంచి నవ్వు వినిపించింది. "గందుకేనే, మీ నాయినకు నా చాయ్ నచ్చదు."

మళ్లీ ఇటలీ దగ్గరికొచ్చేసరికి పదిన్నర దాటింది. రూపాయి ఇంకా దాని జామెట్రీ బాక్సులోనే ఉంది.