జీడికొమ్మల నుంచి వచ్చిన మీసాల పురుగు: వర్ణన రాతలో ఇప్పటివరకు జరిగిన పని

ఉద్దానంలోని మా జీడితోటలో ఎండుకొమ్మల నుంచి వెలువడిన ఒక చిన్న మీసాల పెంకుపురుగు నేను ఇంతవరకు చదివిన ఏ వర్ణనతోనూ పూర్తిగా సరిపోలడం లేదు. అది కొత్త జాతి అని చెప్పగల స్థితికి పని ఇంకా రాలేదు. చేతిలో ఉన్నవి కొన్ని నమూనాలు, ఒక కొలతల పట్టిక, సగం వరకు రాసిన వర్ణన మాత్రమే. ఈ అభిరుచి ఉన్న ఇతరులకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, ఏ పని ఏ సామగ్రితో ఎలా సాగిందో ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మీసాల పురుగు అనగానే జీడి రైతుకు గుర్తుకు వచ్చేది కాండాన్నీ వేరునూ తొలిచే ప్లోసెడెరస్. దాని పిల్లపురుగు బెరడు కింద తొలుచుకుంటూ పోతే చెట్టు మొదట్లో బంక కారుతుంది, రంపపు పొట్టు వంటి విసర్జన బయటపడుతుంది, ఆకులు పసుపెక్కి చివరికి చెట్టే ఎండిపోతుంది. మామిడిలో అటువంటి నష్టం చేసేది బాటోసెరా రూఫోమాక్యులాటా. నా దగ్గర ఉన్నది ఈ రెండింటి వంటిది కాదు. అప్పటికే ఎండిన, బొటనవేలి లావు కొమ్మల్లో పెరిగే, 8 మి.మీ. పొడవు కూడా దాటని గోధుమరంగు పురుగు. పంటకు కీడు చేయని పురుగును వెతికి పట్టుకొనేవారు తక్కువ కాబట్టి, ఇటువంటి చిన్నవాటిలోనే తెలియనివి ఎక్కువగా మిగిలి ఉంటాయని నా నమ్మకం.

వేసవిలో

చెట్టుపైనే ఎండిన కొమ్మలను విరిచి, మూరెడు ముక్కలుగా కోసి, మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ముల్లో నింపాను. మూతకు కొంత భాగం కోసి సన్నని స్టీలు జల్లెడ బిగించాను. ప్లాస్టిక్ వలను ఈ పురుగులు దవడలతో కొరికి బయటపడగలవు. డ్రమ్ము పక్కన ఒక రంధ్రం చేసి పారదర్శకమైన సీసాను అమర్చితే, బయటికి వచ్చిన పురుగు వెలుతురు వైపు నడిచి తనంతట తానే సీసాలోకి చేరుతుంది. లోపల చీకటిగా ఉండాలి, డ్రమ్ము నీడలో ఉండాలి. కొమ్మలు మరీ పొడిబారితే పిల్లపురుగులు చచ్చిపోతాయి, తడి ఎక్కువైతే బూజు పడుతుంది. అందుకని వారానికి ఒకసారి చేత్తో నీళ్లు చిలకరించడమే సరిపోయింది. ప్రతి డ్రమ్ముపైనా చెట్టు పేరు, కొమ్మ లావు, కోసిన తేదీ, కోసిన చోటు రాసి అంటించాను. ఒక డ్రమ్ములో ఒకే రకం చెట్టు కొమ్మలు ఉండాలన్నది తప్పనిసరి నియమం. జీడి, వేప, పనస కొమ్మలను కలిపేస్తే, వచ్చిన పురుగు దేనిలో పెరిగిందో ఇక ఎప్పటికీ చెప్పలేము.

తొలకరి తరువాత

నైరుతి వానలు మొదలైన కొద్ది రోజులకే సీసాల్లో పురుగులు కనబడసాగాయి. చేతిలోకి తీసుకుంటే సన్నగా కీచుమంటాయి. ఆ శబ్దం నోటిది కాదు: మెడవంటి ముందరి భాగం, అంటే ప్రోనోటం, దాని వెనుక అంచును లోపలున్న సన్నని గీతల పలకపై కిందికీ మీదికీ రాస్తుంది. లెన్సు కింద పట్టుకొని చూస్తే శబ్దం వచ్చిన ప్రతిసారీ తల వంగి లేవడం స్పష్టంగా తెలుస్తుంది.

అప్పుడే వెలువడిన పురుగును వెంటనే చంపకూడదు. పెంకు గట్టిపడక ముందే చంపితే ఆరినప్పుడు ముడుచుకుపోతుంది, రంగు కూడా లేతగా మిగిలి, వర్ణన తప్పుదారి పడుతుంది. కొన్ని రోజులు లేత కొమ్మ బెరడుతో సీసాలో ఉంచి, తరువాత ఫ్రీజరులో పెట్టాను. డీఎన్ఏ పరీక్షకు పనికివచ్చేలా కుడి మధ్యకాలును విడదీసి 95 శాతం ఆల్కహాలులో వేసి ఫ్రీజరులోనే భద్రపరిచాను.

బాటోసెరా వంటి పెద్ద పురుగుకైతే కుడి పెంకురెక్క మీదుగా స్టీలు సూదిని నేరుగా గుచ్చుతారు. ఇంత చిన్నదానికి సూది గుచ్చితే పరిశీలించవలసిన భాగమే పాడవుతుంది కాబట్టి, దళసరి కాగితాన్ని సన్నని త్రికోణంగా కత్తిరించి, దాని మొనకు నీటిలో కరిగే జిగురుతో పురుగు కుడి పక్కను అంటించి, సూదిని ఆ కాగితానికి గుచ్చాలి. జిగురు నీటిలో కరిగేదే కావాలి. ముందుముందు ఎవరైనా పురుగును విడదీసి అడుగుభాగం చూడవలసి రావచ్చు. మీసాలను వెనక్కి మళ్లించి ఒంటి పక్కగా అమర్చితే పొడవు కొలవడం తేలిక, విరిగే ప్రమాదమూ తక్కువ. ఉద్దానం గాలిలోని తేమకు పెట్టెలో బూజు పట్టడం ఖాయం కాబట్టి, గాలి చొరబడని డబ్బా, అందులో సిలికాజెల్ పొట్లాలు లేకుండా వానాకాలం గడవదు.

కొలతలు, నూగు

నా కొలతలన్నీ బైనాక్యులర్ మైక్రోస్కోపు కంటికటకంలో ఉండే స్కేలుతో తీసినవి. నుదుటి ముందు అంచు నుంచి పెంకురెక్కల చివరి వరకు మొత్తం పొడవు, పక్క ముళ్లను కలిపీ విడిచీ ప్రోనోటం వెడల్పు, రెండు పెంకురెక్కలు కలిసే గీత వెంట వాటి పొడవు, భుజాల దగ్గర వెడల్పు తీసుకున్నాను. మీసానికి 11 కణుపులు ఉన్నాయి. మొదటి, మూడవ, నాలుగవ కణుపుల పొడవుల నిష్పత్తిని ప్రతి నమూనాకూ విడిగా లెక్కించాను. కొమ్మలో తిండి తక్కువై ఎదగని పురుగు చిన్నదిగా ఉండవచ్చు గనుక విడి కొలతకంటే నిష్పత్తి నమ్మదగినది. పాదాల కణుపులు పైకి నాలుగే కనిపిస్తాయి కానీ ఉన్నవి ఐదు. నాలుగవది చాలా చిన్నదై మూడవదాని తమ్మెల మధ్య దాగి ఉంటుంది.

ఈ పురుగును వేరుగా చూపే లక్షణమని నాకు తోస్తున్నది పెంకురెక్కలపై నిటారుగా నిలిచిన పొడవాటి నల్లని వెంట్రుకల వరస. వాటి అడుగున బూడిదరంగు నూగు పడుకొని ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే, తొలిచిన సొరంగం నుంచి బయటికి వచ్చేటప్పుడు, సీసాలో తిరిగేటప్పుడు ఈ వెంట్రుకలు రాలిపోతాయి. పాత పురుగును చూసినవారు "వెంట్రుకలు లేవు" అని రాయగలరు. అందుకని మైక్రోస్కోపులో బాగా పెద్దది చేసి పెంకురెక్కలపై ఉన్న ఒక్కొక్క చిన్న గుంటనూ చూశాను: వెంట్రుక రాలిన చోట గుంట అంచున చిన్న బొడిపె మిగిలి ఉంది, అసలు వెంట్రుకే లేని గుంటకు అది లేదు. దీనివల్ల వెంట్రుకల స్థానాలను రాలిపోయిన నమూనాలో సైతం గుర్తించవచ్చు. వర్ణనలో "వెంట్రుకలు ఉన్నవి" అని కాక, అవి పుట్టే గుంటలు ఏ వరసల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో రాస్తున్నాను. వెంట్రుకలు ఊడిన పురుగు చేతిలో ఉన్నవాడికి కూడా ఉపయోగపడేదే వర్ణన అని నేను గట్టిగా అనుకుంటున్నాను.

నూగు గురించి ఇంతగా ఆలోచించడానికి ఆస్ట్రేలియా పురుగు ఒకటి కారణం. 2021 డిసెంబరులో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి జేమ్స్ ట్వీడ్, గోల్డ్‌కోస్ట్ వెనుక కొండల్లోని బిన్నా బుర్రా దగ్గర విడిది చేసినప్పుడు, లోమాండ్రా అనే మొక్క ఆకుపై తెల్లగా ఉన్నదాన్ని మొదట పక్షి రెట్ట అనుకున్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే అది ఒళ్లంతా పొడవాటి తెల్లని వెంట్రుకలున్న ఎరుపు, నలుపు రంగుల మీసాల పురుగు. సుమారు 9.7 మి.మీ. పొడవు. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ కీటక సేకరణ నిపుణులతో కలిసి పోల్చి చూస్తే, జాతే కాదు, ప్రజాతి, అంటే దగ్గరి జాతులను చేర్చే పై గుంపు, కూడా కొత్తదని తేలింది. 2024లో దానికి ఎక్స్‌కాస్ట్రా ఆల్బోపైలోసా అని పేరు ప్రకటించారు. ఆ వెంట్రుకలు ఎందుకన్నది నిర్ధారణ కాలేదు. కీటకాలను చంపే బూజు పట్టి చచ్చిన పురుగులా కనబడి పక్షుల నుంచి తప్పించుకొంటుందేమో అన్నది వారి ఊహ. నిపుణులు, పెద్ద సేకరణ అందుబాటులో ఉండి కూడా, కనబడిన రోజు నుంచి ప్రకటించే వరకు రెండేళ్లకు పైగా పట్టింది. ఒంటరిగా పనిచేసే అభిరుచిదారుడు తొందరపడకపోవడానికి ఆ ఒక్క సంగతి చాలు.

పోల్చడంలో ఉన్న చిక్కు

మీసాల పురుగులన్నీ చేరే సెరాంబిసిడే కుటుంబంలో ఇప్పటికి 35,000కు పైగా జాతులు వర్ణించబడ్డాయి, అందులో సగానికి పైగా లామీనే ఉపకుటుంబానివే. నా పురుగు కూడా దానిలోనిదే: ముఖం నిలువుగా దిగి ఉంది, పాల్పుల (నోటి దగ్గరి చిన్న స్పర్శాంగాల) చివరి కణుపు మొనదేలి ఉంది, ముందుకాలి టిబియా (పిక్క భాగం) లోపలివైపు మీసాలు తుడుచుకొనే గాడి ఉంది. బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో గహాన్ 1906లో రాసిన సంపుటి మన మీసాల పురుగులకు ఇప్పటికీ మొదటి ఆధారం, కానీ అందులో లామీనే లేదు. ఆ తరువాత ఈ ఉపకుటుంబంపై పనిచేసిన కీటక శాస్త్రజ్ఞుడు బ్రూనింగ్ వేల సంఖ్యలో జాతులను, ఉపజాతులను, రకాలను పేర్కొన్నారు. ఆయన వర్ణనల్లో చాలావాటికి బొమ్మలు లేవు, కొన్ని రెండు మూడు పంక్తులకు మించవు. అవి చదివి "ఇది అది కాదు" అని తేల్చడం సాధ్యం కాదు, హోలోటైపునే, అంటే ఆ జాతి పేరుకు ఆధారంగా ఎంచిన ఒకే నమూనానే, చూడాలి. అవి లండన్, ప్యారిస్ వంటి చోట్ల మ్యూజియంలలో చెదిరి ఉన్నాయి. కొన్నింటి ఛాయాచిత్రాలు దొరుకుతున్నాయి, వాటితో పని కొంత ముందుకు సాగింది. మిగిలినవాటికి ఆయా సేకరణల నిర్వాహకులకు లేఖలు రాస్తున్నాను. ఏ కోణంలో, ఏ భాగం ఫోటో కావాలో స్పష్టంగా అడిగితే సమాధానం త్వరగా వస్తున్నది.

నియమాలు

జంతువుల నామకరణానికి అంతర్జాతీయ నియమావళి ఉంది. ఇప్పుడు అమలులో ఉన్న నాలుగవ కూర్పు 2000 జనవరి 1 నుంచి వర్తిస్తున్నది. దాని ప్రకారం పేరు కొత్తదని స్పష్టంగా చెప్పాలి, మిగతావాటి నుంచి వేరుచేసే లక్షణాలు మాటల్లో రాయాలి, హోలోటైపు ఏదో నిర్ణయించి అది ఏ సేకరణలో ఉంటుందో తెలపాలి. ఎలక్ట్రానిక్ పత్రికలో మాత్రమే ప్రచురిస్తే జంతువుల పేర్ల అధికారిక పట్టిక అయిన జూబ్యాంకులో నమోదు కూడా తప్పనిసరి. మన దేశంలో దీనికి తోడు 2002 జీవ వైవిధ్య చట్టం ఉంది: కొత్త జాతిని కనుగొన్నవారు ఎవరైనా నిర్ణీత సంస్థకు తెలిపి, నమూనాలను అక్కడ అప్పగించాలి. జంతువులకు ఆ సంస్థ కోల్‌కతా కేంద్రంగా పనిచేసే భారత జంతు సర్వేక్షణ సంస్థ, అంటే జెడ్‌ఎస్‌ఐ. అభయారణ్యాల్లో అనుమతి లేకుండా పురుగులను పట్టడం నేరం. నేను సొంత తోట కొమ్మలకే పరిమితమైంది అందువల్లనే, దానివల్ల పని ఏమీ చిన్నబోలేదు.

మిగిలిన పని

ఇప్పటికి వచ్చినవన్నీ ఆడవే. మీసాల పురుగుల్లో దగ్గరి జాతులను విడదీయడానికి మగపురుగు జననాంగాల నిర్మాణం చాలాసార్లు నిర్ణయాత్మకం కనుక, అది లేకుండా వర్ణనను పంపదలచుకోలేదు. పద్ధతిని మాత్రం బాటోసెరా మగపురుగుపై సాధన చేశాను. ఆరిన పురుగును వేడినీటిలో మెత్తబరచి, ఉదరం చివరను తెరచి, లోపలి భాగాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచితే కండ కరిగి గట్టి భాగాలు మిగులుతాయి. వాటిని రెండు చుక్కల ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీటితో కడిగి, గ్లిజరిన్ ఉన్న చిన్న గొట్టంలో వేసి, అదే సూదికి పురుగు కింద తగిలించాలి. ఈ క్షారం చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా సీసా మూత కూడా తీయకూడదు.

మగవి ఎప్పుడైనా కొంచెం ముందుగా వెలువడతాయేమో చూడటానికి, వచ్చే వేసవిలో డ్రమ్ములను ఫిబ్రవరిలోనే నింపి, రోజూ ఉదయం సీసాలు పరిశీలించాలని నిర్ణయించాను. లావును బట్టి కొమ్మలను మూడు డ్రమ్ములుగా విడదీస్తాను. తోటలో అమావాస్య దగ్గరి రాత్రుల్లో వెలుతురుకు వచ్చే పురుగుల కోసం తెల్లగుడ్డ ముందు దీపం పెట్టే పని కూడా జరుగుతుంది. వర్ణనలో ఆడపురుగు భాగం, మీసాల కణుపుల పట్టిక, వెంట్రుకల గుంటల రేఖాచిత్రం పూర్తయ్యాయి. పోలిక భాగంలో ఇంకా హోలోటైపు ఫోటో అందని నాలుగు జాతుల పేర్ల పక్కన స్థలం ఖాళీగా ఉంచాను.