అమ్మ మస్టర్ కాపీ కోసం మండల ఆఫీసులో పడ్డ పాట్లు

నిన్ననే మా మండలంలో ఉపాధి హామీ పనుల ప్రజావేదిక (తనిఖీలో తేలినవి జనం ముందు విచారించే సభ) అయింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

మాది హనుమకొండ జిల్లాలో ఒక ఊరు. ఉపాధి హామీ మీద సామాజిక తనిఖీకి వచ్చినవాళ్లు ఇంటింటికీ తిరిగి మస్టర్ (కూలీల హాజరు పట్టిక) చదివి వినిపించారు. కంటి ఆపరేషనై అమ్మ నా దగ్గర ఉన్న వారంలో కూడా ఆమె పూడికతీత పనికి పోయినట్టు హాజరు పడింది. ఆ కూలి మాత్రం పాస్‌బుక్కులో లేదు. ఆమె చెప్పింది వాళ్లు రాసుకుపోయారు.

మస్టర్ కాపీ మా చేతిలో కూడా ఉండాలని అమ్మ పేరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలే. కొన్నాళ్లకు ఆఫీసుకు రమ్మన్నారు. "ఇది వ్యక్తిగత సమాచారం, ఇవ్వడం కుదరదు" అన్నాడు ఆఫీసరు. అడుగుతున్నదే ఆమె కదా సార్ అన్నాను. "2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, తెల్వదా?" అని గద్దించాడు. అంతటితో ఆగలేదు. అమ్మ వైపు తిరిగి, "ఏమ్మా, నీకు చదువొస్తదా? బిడ్డ చెప్పిన కాడల్లా సంతకం పెడతవా?" అన్నాడు. గది నిండా జనం. ఎర్రటి ఎండల్లో తట్టలు మోసిన మనిషి తలొంచుకుని నిలబడింది. ఆ మాట నేను మర్చిపోను.

పైగా ఆమె ఎవరో రుజువు కావాలని ఆధార్ జిరాక్స్ అడిగాడు. ఇస్తే బల్ల మీది కుప్పలో పడేశాడు. ఎంతమందివో ఆధార్‌లు, పాస్‌బుక్కుల జిరాక్సులు, ఫోన్ నంబర్లతో సహా, వచ్చినవాళ్లందరికీ కనిపిస్తున్నాయి. వాటి మీదే టీ గ్లాసు. మస్టర్ ఎవరైనా చూడొచ్చని 2005 ఉపాధి హామీ చట్టం 23వ సెక్షన్ చెప్పింది. ఆధార్ నంబర్లు బయటపెట్టొద్దని ఆధార్ చట్టం చెప్తుంది. వీళ్లు దాచాల్సింది పరిచిపెట్టి, చూపించాల్సింది బీరువాలో పెట్టుకున్నారు. 2024 జనవరిలో, సర్కారు పథకాల కోసం జనం ఇచ్చిన ప్రజాపాలన దరఖాస్తులు హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయన్న వార్త చూసినప్పుడే నాకు గుబులు పుట్టింది.

పై అధికారికి మొదటి అప్పీలు వేశాక కాపీ వచ్చింది. ఇక ఆ కూలి ఎటు పోయిందో చూశాం. ఆధార్ ద్వారా పడే కూలి, ఆధార్‌కు చివరగా లింకైన ఖాతాకే పోతుంది. ఆన్‌లైన్‌లో చూస్తే అది అమ్మకు తెలియని ఖాతా. ఎవరో పెన్షన్ కోసమని వేలిముద్ర వేయించుకున్నారట. బ్యాంకులో లింకు మార్పించాం.

ఒక మాట. ఊరి లీడర్‌ను వెంటబెట్టుకుని మాత్రం పోకండి, బయటికి రాగానే రాజీ మాటలు మొదలుపెడతాడు. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి, దాని మీద ఏ పనికో, ఏ తేదీనో రాయండి. పెద్దవాళ్ల వేలిముద్రలు ఆధార్ యాప్‌లో లాక్ చేసి, డబ్బులు తీసే రోజు తెరవండి.

ప్రజావేదికలో అమ్మే మైకు పట్టుకుంది. "ఆ వారం నేను ఊళ్లనే లేను" అని అందరి ముందు చెప్పింది. ఆ ఆఫీసరు కూడా అక్కడే ఉన్నాడు. ఆ కూలి డబ్బు రికవరీ చేయమని చెప్పారు. ఉత్తర్వు కాపీ ఇంకా ఇవ్వలేదు, రేపు దానికి దరఖాస్తు పెడుతున్నాం.