పరుగు కూడా నేర్పాలా?

పదకొండు దాటింది. ఈయన రెండుసార్లు లైటు ఆపమన్నారు, మూడోసారి దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు. గోళ్ళలో సున్నం ఎంత కడిగినా పోక రాత్రి అన్నం చెంచాతో తిన్నాను. అత్తయ్య చూసి "చెంచాలు కూడా మొదలయ్యాయా" అన్నారు. ఆ కథ ఇంకోరోజు.

ఇవాళ నిద్ర పట్టకపోవడానికి కారణం లెక్కల సారు. అవును, మళ్ళీ ఆయనే.

మండల స్థాయి పోటీలకి ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది. అండర్-14 ఆడపిల్లల రిలే టీముకి ఈ వారం నాకు దొరికింది ఇవాళ్టి పీరియడ్ ఒక్కటే. మంగళవారంది ఆయనే పట్టుకుపోయారు, "సిలబస్ అవ్వలేదు మేడమ్, ఈ ఒక్కటీ ఇచ్చెయ్యండి" అని. అంతకుముందు వారం సైన్సు మేడమ్. పరీక్షలొస్తే నా పీరియడ్ పోతుంది, వాన పడితే నా పీరియడ్ పోతుంది. ర్యాలీ ఉంటే మాత్రం పిల్లల్ని వరసల్లో నడిపించడానికి పీఈటీ, అంటే ఆటల టీచరుని నేను, గుర్తొస్తాను. భోజనాల దగ్గర తోపులాటైనా నేనే, గేటు దగ్గర ఆలస్యంగా వచ్చినవాళ్ళైనా నేనే. "నేను ఈ చాప్టరు రేపు చెప్పుకుంటాను, మీరు లాంగ్‌జంప్ చేయించుకోండి మేడమ్" అని ఇరవై ఏళ్ళలో ఒక్కరంటే ఒక్కరు అనలేదు.

ఇవాళ నలుగురు పిల్లల్నీ గీతల మీద నిలబెట్టి చేతులు ఎలా చాపాలో చూపిస్తున్నాను. ఆయన గొడుగేసుకుని స్టాఫ్ రూముకి వెళ్తూ ఆగారు. ఓ నిమిషం చూశారు. "పరుగు కూడా నేర్పాలా మేడమ్? కుక్క వెంటపడితే వాళ్ళే పరిగెడతారుగా" అనేసి వెళ్ళిపోయారు. పిల్లలు కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను. నాకు మండేది అక్కడే. నేనెందుకు నవ్వాను?

అప్పుడు నోటికి రానివన్నీ ఇప్పుడొస్తున్నాయి. సారూ, మీ పాఠమే అడుగుతాను చెప్పండి. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. బయటి లేన్ చుట్టు పెద్దది కదా. రెండో లేన్ పిల్ల మొదటి లేన్ పిల్లకంటే ఎంత ముందు నిలబడితే ఇద్దరూ సమానంగా పరిగెత్తినట్టు? మీరు బోర్డు మీద రాసే రెండు పై ఆర్‌లో ఆర్ బదులు 1.22 పెట్టండి, 7.67 మీటర్లు వస్తుంది. మైదానం ఎంత పెద్దదైనా ఒక చుట్టుకి అదే తేడా. మన గ్రౌండు 200 మీటర్లది కాబట్టి 4×100 రిలే అంటే నలుగురూ తలా 100 మీటర్లు, మొత్తం రెండు చుట్లు, తేడా రెట్టింపు, 15 మీటర్ల పైచిలుకు. పొద్దున ఏడింటికొచ్చి తాడు పట్టుకుని, సున్నం పోసుకుంటూ, నడుం వంచి ఇవన్నీ గీసింది ఎవరు? కుక్కా?

ఇంకోటి. జమైకా వాళ్ళు 2012 లండన్ ఒలింపిక్స్‌లో 4×100 రిలేని 36.84 సెకన్లలో ముగించారు. నలుగురికీ పంచితే తలా 9.21. ఆ నలుగురిలో ఒకడైన బోల్టు ఒక్కడే పరిగెత్తిన 100 మీటర్ల ప్రపంచ రికార్డే 9.58. మరి ఇదెలా? రెండో మనిషి నుంచి అందరూ అప్పటికే పరుగు అందుకుని ఉంటారు కాబట్టి. బ్యాటన్, అంటే ఒకరి నుంచి ఒకరు అందుకునే కర్ర, చేయి మారేది ఆ పరుగులోనే, గీతలు గీసిన 30 మీటర్ల జోన్ లోపల. అక్కడ తేడా వచ్చిందా, ఎంతటివాళ్ళైనా అంతే. 2008 బీజింగ్‌లో అమెరికా మగవాళ్ళూ ఆడవాళ్ళూ రెండు టీములూ బ్యాటన్ కింద పడేసుకున్నాయి. 2024 పారిస్‌లో అమెరికా మగవాళ్ళు జోన్ దాటాక అందించి అనర్హులయ్యారు. వాళ్ళకీ కుక్క వెంటపడలేదు కాబోలు.

సరే, కాస్త చల్లబడ్డాను.

మా బ్యాటన్ 40 ఎం.ఎం. పీవీసీ పైపు ముక్క. చుట్టుకొలత ఇంచుమించు 12 నుంచి 13 సెంటీమీటర్ల మధ్య ఉండాలి, దీనిది 12.6. కొస అరగదీసి ఎర్ర రంగు వేసింది మా చిన్నాడు. ఇవాళ ఆ పైపు రెండో పిల్ల నుంచి మూడో పిల్లకి వెళ్ళేటప్పుడు నాలుగుసార్లు పడింది. రెండో పిల్ల చెక్ మార్క్ (నేల మీద పెట్టుకున్న గుర్తు) మీదికి రాగానే మూడో పిల్ల ముందుకి చూస్తూ పరుగు మొదలుపెట్టాలి. వెనకది "హ్యాండ్" అని అరవగానే చెయ్యి వెనక్కి చాపాలి, అంతే. ఇదేమో ప్రతిసారీ తల తిప్పుతోంది. తల తిప్పితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే చెయ్యి ఊగుతుంది, పైపు ఠంగుమని కింద. నాలుగోసారికి అందరి ముందూ అరిచాను, "వెనక్కి చూడొద్దని ఎన్నిసార్లు చెప్పాలే!"

"అది హ్యాండ్ అనట్లేదు టీచర్. ఇస్తుందో లేదో చూసుకోవాలి కదా."

"ఎందుకు అనట్లేదే?" అని రెండోదాన్ని అడిగితే నేల చూపులు. చివరికి నాలుగో పిల్ల చెప్పింది. "వాళ్ళిద్దరికీ కటీఫ్ టీచర్. కంపాస్ బాక్సు గొడవ. మాట్లాడుకోరు."

ఇరవై ఏళ్ళుగా రిలే నేర్పుతున్నాను, బ్యాటన్ పడడానికి ఈ కారణం మాత్రం ఇదే మొదటిసారి.

ఆ మూడో పిల్ల అలా వెనక్కి చూస్తుంటే నాకు 1993 గుర్తొస్తూనే ఉంది. తొమ్మిదో తరగతి. స్కూలు ఆటల పోటీల్ని ఇప్పుడు ఎస్‌జీఎఫ్ అంటున్నాం గానీ అప్పట్లో గ్రిగ్స్ అనేవాళ్ళం. తాడేపల్లిగూడెం వెళ్ళాం, అక్క కాన్వాసు బూట్లలో దూది కుక్కుకుని. బ్యాటన్ వడ్రంగి చెక్కిన కర్ర. నాది మూడో పరుగు, నాకు అందించాల్సింది మా వీధి పొడుగుపిల్ల. డ్రిల్లు మాస్టారు "వెనక్కి చూస్తే వీపు చిట్లగొడతా" అన్నారు. నేను చూడలేదు. చెయ్యి చాపి, కళ్ళు ముందుకి పెట్టి, ఒకటే పరుగు. చేతిలోకి ఏమీ రాలేదు. గీత దాటాక ఎర్రజెండా లేచింది, జనం నవ్వారు. అప్పటికి మేం రెండో స్థానంలో ఉన్నాం. తిరుగు బస్సులో అది కిటికీకి తల ఆనించుకుని ఏడుస్తూనే ఉంది. నేను పక్క సీటులో కూడా కూర్చోలేదు. మీకీ కథ చెప్పే ఉంటాను, క్లాసులో పిల్లలకైతే ఏటా చెప్తాను, "అది అందించలేకపోయింది" అని.

మొన్న సంక్రాంతికి అది తీర్థంలో కనిపించింది. జీళ్ళు కొంటోంది. మాటల్లో ఆ రిలే వచ్చింది. "నువ్వు ఆగితే కదే? నేనింకా గుర్తు దగ్గరికి రాకుండానే పరుగెత్తేశావు. ఆగవే ఆగవే అని అరిచాను కూడా" అంది నవ్వుతూ. నేను ఒప్పుకోలేదు. ఆ జనంలో ఏం వినిపిస్తుందే అన్నాను.

వినిపించింది. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, ఆ "ఆగవే" నాకు అప్పుడే వినిపించింది.

పాపం, ఇవాళ మూడో పిల్లని తిట్టాల్సింది కాదు. పదమూడేళ్ళ పిల్లలకి అసలు చూడకుండా అందుకోవడం నేర్పాలా, చూసి అందుకుంటే అర సెకను పోయినా పైపు చేతిలో ఉంటుంది కదా అనిపిస్తోంది. 4×400లో చూసే అందుకుంటారు. కానీ జిల్లాకి వెళ్ళాలంటే ఆ అర సెకనే... ఏమో.

కటీఫ్ సంగతి నాలుగో పిల్లే తేల్చింది. "హ్యాండ్ అనేది ఇంగ్లీషు, కాబట్టి మాట్లాడినట్టు లెక్క కాదు" అంది. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆఖరిసారి పైపు అరచేతిలో టప్‌మని పడింది, ఎవరూ తల తిప్పలేదు. ఆ లోపు బెల్లు.

ఇంకో మాట రాయకపోతే అన్యాయం. ఆ క్లాసులో 42 మంది. నలుగురు పరిగెడుతున్నారు, మిగతా 38 మందీ గంగరావి చెట్టు కింద. ఇద్దరు గచ్చకాయలు, ఒకడు నిద్ర. లెక్కల సారు గొడుగు కింద నుంచి చూసింది ఇదే. ఏడుగురేసి ఆరు జట్లు చేసి, ఎదురెదురుగా నిలబెట్టి షటిల్ రిలే పెడితే అందరూ పరిగెడతారు. ఆరు పైపు ముక్కలు చాలు. ట్రైనింగులో నేర్పారు, నేనూ చేయించేదాన్ని. టీము ఎంపికైన దగ్గర్నుంచి మానేశాను. కప్పు వస్తే హెచ్.ఎమ్. గదిలో పెడతారు, షటిల్ రిలేకి ఏం పెడతారు?

అయినా కుక్క మాట అనక్కర్లేదు.

బయట చినుకులు మొదలయ్యాయి. గీతలన్నీ పోతాయి, పొద్దున మళ్ళీ గీయాలి. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, అటెండరు సెలవు. ఏడింటికల్లా స్కూలుకొచ్చేది నేనూ లెక్కల సారే, ఆయనకి పదో తరగతి స్పెషల్ క్లాసు.

నేనైతే అడగను.